కంప్యూటరు గీసిన కట్టడం ఎవరిది?

మీ వీధిలో ఎవరైనా ఇల్లు మొదలుపెడుతున్నప్పుడు కాసేపు నిలబడి చూశారా? పునాది తవ్వకానికి ముందు తాపీ మేస్త్రి ఖాళీ స్థలంలో నాలుగు మూలలా మేకులు పాతి, వాటికి తాడు బిగించి కడతాడు. మూలమట్టంతో మూలలు సరిచూసుకుంటాడు. తాడు వెంబడి సున్నం పొడి పోసుకుంటూ పోతాడు. దీన్నే 'ముగ్గు పోయడం' అంటారు. కాసేపటికి వంటగది ఎక్కడో, పడకగది ఎక్కడో, గుమ్మం ఎటు వస్తుందో నేల మీద తెల్లటి గీతల్లో కనిపిస్తుంది. ఇంటాయన వచ్చి, "ఆ గది ఇంకో అడుగు పెరిగితే బాగుంటుంది మేస్త్రీ" అంటాడు. మేస్త్రి కాలితో ఆ గీత చెరిపి ఇంకో గీత పోస్తాడు.

ఈ చిన్న దృశ్యంలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఇక్కడ గీసేవాడూ కట్టేవాడూ ఒకడే. బొమ్మ కాగితం మీద లేదు, అసలు కొలతతో నేల మీదే ఉంది. మరి ఆ ఇల్లు ఎవరిది? డబ్బు పెట్టింది ఇంటాయన కాబట్టి ఆస్తి ఆయనదే. కాని ఆ ఇంటి రూపం ఎవరిది? కథకు రచయిత ఉన్నట్టు, పాటకు కవి ఉన్నట్టు, కట్టడానికి కర్త ఎవరు?

ఈ ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. క్రీ.శ. 1213లో పాలంపేటలో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని మనం రామప్ప గుడి అంటున్నాం. రామప్ప దాన్ని చెక్కిన శిల్పి పేరని చెబుతారు. గుడికి దేవుడి పేరో, కట్టించిన ప్రభువు పేరో కాక శిల్పి పేరు నిలవడం చాలా అరుదు. పాతకాలపు కట్టడాల్లో ఎక్కువ వాటికి శిల్పి ఎవరో మనకు తెలియనే తెలియదు. ఈనాటి పెద్ద భవనాలు మాత్రం వాటిని రూపొందించిన ఆర్కిటెక్టు పేరుతోనే ప్రసిద్ధికెక్కుతున్నాయి. మధ్యలో ఏం జరిగింది? ఇప్పుడు కంప్యూటరు వచ్చాక మళ్ళీ ఏం మారుతోంది? మెట్టు మెట్టుగా చూద్దాం.

మధ్యలోకి వచ్చిన కాగితం

15వ శతాబ్దం మధ్యలో ఇటలీలో లియోన్ బాటిస్టా ఆల్బెర్టి అనే పండితుడు భవన నిర్మాణం గురించి లాటిన్ భాషలో ఒక పెద్ద గ్రంథం రాశాడు. అది 1485లో అచ్చయింది. అందులో ఆయన చేసిన వాదన ఆ రోజుల్లో కొత్తది. భవనాన్ని మనసులో పూర్తిగా రూపొందించి, గీతల్లోను కొలతల్లోను చెప్పడం వాస్తుశిల్పి పని. వడ్రంగి, రాతిపనివాడు అతని చేతిలో పనిముట్లవంటివారు. గీసినదాన్ని ఉన్నదున్నట్టు కట్టడమే వారి పని. అంటే నేల మీది ముగ్గు కాగితం మీదికి ఎక్కింది. గీసేవాడు వేరు, కట్టేవాడు వేరు అయ్యాడు. కాగితం మీద గీసినవాడే కర్త అయ్యాడు. ఆర్కిటెక్టు అంటే 'రచయిత' అనే నేటి భావనకు బీజం ఇక్కడే పడిందని మారియో కార్పో వంటి వాస్తు చరిత్రకారులు అంటారు.

తరవాత ఈ పద్ధతి స్థిరపడింది. 1842లో జాన్ హెర్షెల్ ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ఎండ సాయంతో నీలిరంగు ప్రతులు తీసే విధానం కనిపెట్టాడు. ఒకే పటానికి ఎన్ని నకళ్ళు కావాలంటే అన్ని తీసి మేస్త్రులకు పంచడం వీలయింది. 'బ్లూప్రింటు' అన్న మాట అలా పుట్టిందే.

కాని కాగితానికి ఒక పరిమితి ఉంది. స్కేలుతో సరళరేఖ గీయడం తేలిక. వృత్తలేఖినితో వృత్తం గీయడం తేలిక. వాటి కొలతలు ఇంకొకరికి చెప్పడమూ తేలికే. 'పొడవు నాలుగు మీటర్లు' అంటే చాలు, 'వ్యాసార్ధం రెండు మీటర్లు' అంటే చాలు. చేతికి వచ్చినట్టు గీసిన వంపును మాత్రం ఎలా చెబుతారు? చెప్పలేనిదాన్ని మేస్త్రి ఎలా కడతాడు? గత శతాబ్దపు భవనాల్లో అధికభాగం పెట్టెల్లా ఉండటానికి ఖర్చు ఒక కారణమైతే, ఇది మరో కారణం.

నారింజ పండు చెప్పిన జవాబు

ఈ పరిమితి ఎంత గట్టిదో ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఆపెరా హౌస్ కథ చెబుతుంది. 1957లో జరిగిన పోటీలో డెన్మార్కు ఆర్కిటెక్టు జోర్న్ ఉట్జన్ గెలిచాడు. సముద్రపు ఒడ్డున తెరచాపల్లాంటి కప్పులతో ఆయన గీసిన బొమ్మ అందరినీ ఆకట్టుకుంది. 1959లో పని మొదలైంది. చిక్కు అప్పుడు వచ్చింది. ఆ తెరచాపల వంపులు చేత్తో గీసినవి. వాటికి సమీకరణం లేదు. సమీకరణం లేకపోతే బలాలు లెక్కకట్టడం కుదరదు. ప్రతి ముక్కా వేరే ఆకారంలో ఉంటే ఒక్కొక్కదానికీ ఒక అచ్చు తయారుచేయాలి. అంత ఖర్చు ఎవరు భరిస్తారు?

ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు పరవలయాలు, దీర్ఘవృత్తాలు అంటూ ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. 1961లో దారి దొరికింది. కప్పులన్నీ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలైతే? నారింజ పండు తొక్క తీసి చూడండి. పెద్ద ముక్కయినా చిన్న ముక్కయినా వంపు ఒక్కటే. గోళానికి ఎక్కడ చూసినా వక్రత సమానం. అందుకని కొద్దిపాటి అచ్చులతోనే వేలాది కాంక్రీటు ముక్కలు పోయవచ్చు. సుమారు 75 మీటర్ల వ్యాసార్ధం గల ఊహాగోళం నుంచి ఆ కప్పులన్నీ వచ్చాయి. బలాల లెక్కలకు ఇంజనీర్లు కంప్యూటర్ల సాయం తీసుకున్నారు. ఇంత పెద్ద భవనానికి కంప్యూటరును వాడిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

ప్రభుత్వంతో వచ్చిన విభేదాల వల్ల ఉట్జన్ 1966లో తప్పుకున్నాడు. లోపలి భాగాలను ఇతర ఆర్కిటెక్టులు పూర్తిచేశారు. 70 లక్షల డాలర్లనుకున్నది 10 కోట్ల 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు చేరింది. 1973లో ప్రారంభోత్సవం జరిగింది. ఉట్జన్ 2008లో కన్నుమూసేదాకా పూర్తయిన ఆ భవనాన్ని కళ్ళారా చూడలేదు. అయినా లోకం దాన్ని ఉట్జన్ భవనమనే అంటుంది. మరి గోళం లెక్క తేల్చిన ఇంజనీర్ల మాటేమిటి? లోపలి హాళ్ళు పూర్తిచేసినవారి మాటేమిటి? కర్త ఒక్కడే అన్న నమ్మకం కంప్యూటరు రాకముందు కూడా అంత గట్టిదేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడు చుక్కలు, ఒక వంపు

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రాము తయారుచేశాడు. కాంతి కలంతో తెర మీద గీస్తే కంప్యూటరు ఆ గీతను గుర్తుపెట్టుకునేది. అంతేకాదు. 'ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి' అని చెబితే, ఒక గీతను జరిపినప్పుడు రెండోదీ తనంతట తాను సర్దుకునేది. మూలచిత్రాన్ని ఒక్కచోట మారిస్తే దాని నకళ్ళన్నీ మారేవి. కాగితం గీతను మోస్తుందంతే. కంప్యూటరు గీతల మధ్య ఉన్న సంబంధాన్ని కూడా మోస్తుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. తరవాత వచ్చిన మార్పులన్నిటికీ మూలం ఇదే.

వంపుల చిక్కును విప్పింది కార్ల తయారీ నిపుణులు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959లోను, రెనో కంపెనీలో పియెర్ బెజియే 1960లలోను విడివిడిగా ఒక ఉపాయం కనిపెట్టారు. దాన్ని మీరే గ్రాఫు కాగితం మీద చేసి చూడవచ్చు.

మూడు బిందువులు పెట్టండి: ఎ (0, 0), బి (4, 8), సి (8, 0). ఎబి మధ్యబిందువు (2, 4). బిసి మధ్యబిందువు (6, 4). ఈ రెండింటి మధ్యబిందువు (4, 4). అది మన వంపు మీది ఒక బిందువు. ఇప్పుడు సగానికి బదులు పావువంతు దూరం తీసుకోండి. ఎ నుంచి బి వైపు పావువంతు పోతే (1, 2). బి నుంచి సి వైపు పావువంతు పోతే (5, 6). ఈ రెండింటి మధ్య మొదటిదానినుంచి పావువంతు పోతే (2, 3). ముప్పావువంతుతో చేస్తే (6, 3) వస్తుంది. ఎ, (2, 3), (4, 4), (6, 3), సి లను కలిపితే నునుపైన వంపు వస్తుంది.

ఇందులో గొప్పతనం ఏమిటి? ఆ వంపునంతా చెప్పడానికి మూడు బిందువులు చాలు, అంటే ఆరు అంకెలు. బి ని కొంచెం పైకి జరపండి, వంపంతా దానితోపాటు లేస్తుంది. చేతికి వచ్చినట్టు తిరిగే వంపును కూడా ఇప్పుడు అంకెల్లో చెప్పవచ్చు. చెప్పగలిగినదాన్ని కోయవచ్చు, పోయవచ్చు, కట్టవచ్చు.

1997లో స్పెయిన్‌లోని బిల్బావో నగరంలో ప్రారంభమైన గుగెన్‌హైమ్ మ్యూజియం ఈ శక్తిని లోకానికి చూపింది. దాని ఆర్కిటెక్టు ఫ్రాంక్ గేరీ కంప్యూటరు ముందు కూర్చుని గీసేవాడు కాదు. కాగితాన్ని, చెక్కను వంచి, అతికించి చేత్తోనే నమూనాలు చేసేవాడు. ఆయన బృందం ఆ నమూనా మీది బిందువులను ఒక్కొక్కటిగా కొలిచి కంప్యూటరుకు ఎక్కించింది. వారు వాడిన 'కాటియా' అనే ప్రోగ్రాము విమానాల రూపకల్పన కోసం ఫ్రాన్సులోని దస్సో సంస్థలో పుట్టినది. భవనానికి తొడిగిన టైటానియం రేకులు సుమారు 33 వేలు. ఒక్కో రేకు మందం అర మిల్లీమీటరు కంటె తక్కువ.

సిడ్నీలో ముక్కలన్నీ ఒకేలా ఉండాలి, లేకపోతే కట్టలేరు. బిల్బావో నాటికి ఆ నిర్బంధం సడలిపోయింది. కోతయంత్రానికి కొలతలు నేరుగా కంప్యూటరు నుంచే అందితే వంద ముక్కలు ఒకేలా కోసినా, వందా వందరకాలుగా కోసినా పెద్ద తేడా ఉండదు. గీతకూ కోతకూ మధ్య ఉన్న కాగితం తప్పుకుంటోంది. ఒక విధంగా చూస్తే ఇది మళ్ళీ ముగ్గు పోసే మేస్త్రి పద్ధతే. రూపొందించే చెయ్యి, తయారుచేసే చెయ్యి మళ్ళీ దగ్గరవుతున్నాయి.

గీత కాదు, నియమం

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కుదాం. నిజంగా మెట్లే తీసుకుందాం. నేల నుంచి డాబా 3 మీటర్ల ఎత్తు. ఒక్కో మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లయితే 20 సార్లు ఎక్కాలి. ఇరవయ్యో అడుగు డాబా మీదే పడుతుంది కనుక మధ్యలో 19 మెట్లు చాలు. ఒక్కో మెట్టు వెడల్పు 30 సెంటీమీటర్లయితే మెట్లవరసకు 5.7 మీటర్ల చోటు కావాలి. పటం గీయడం పూర్తయ్యాక యజమాని వచ్చి డాబా ఎత్తు 3.3 మీటర్లు చేయమన్నాడనుకోండి. ఇప్పుడు 22 ఎక్కుళ్ళు, 21 మెట్లు, 6.3 మీటర్ల చోటు. 60 సెంటీమీటర్లు పెరిగింది. పక్కగది గోడ జరగాలి, దాని కిటికీ జరగాలి. కాగితం మీదయితే ఆ పటాలన్నీ మళ్ళీ గీయవలసిందే.

ఆర్కిటెక్టు మెట్లను కాకుండా మెట్ల నియమాన్ని కంప్యూటరుకు చెప్పాడనుకోండి. 'ఎత్తును 15 తో భాగించు, ఒకటి తీసివెయ్యి, 30 తో గుణించు, గోడను అంత దూరంలో నిలుపు.' అప్పుడు ఒక్క అంకె మారిస్తే భవనమంతా సర్దుకుంటుంది. అలా మార్చే అంకెను పరామితి అంటారు. ఈ పద్ధతికి పరామితీయ రూపకల్పన అని పేరు. 1982లో వచ్చిన ఆటోకాడ్ ప్రధానంగా కాగితం చేసే పనినే తెర మీద వేగంగా చేసిపెట్టింది. 2000లో వచ్చిన రెవిట్ వంటి ప్రోగ్రాములు తలుపును తలుపుగా, గోడను గోడగా, వాటి కొలతలు, సామగ్రి వివరాలతో సహా గుర్తుపెట్టుకుంటాయి. ఆర్కిటెక్టు, ఇంజనీరు, కరెంటు పనివారు, నీటిగొట్టాల పనివారు అందరూ ఒకే నమూనా మీద పనిచేస్తారు. గొట్టం దూలానికి అడ్డం వస్తే కట్టకముందే తెర మీద తెలిసిపోతుంది.

నియమాలతో రూపాలు పుట్టించవచ్చని చెప్పడానికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. 16వ శతాబ్దపు ఇటలీలో ఆంద్రేయా పల్లాడియో ఎన్నో అందమైన తోటబంగళాలు కట్టాడు. 1978లో జార్జి స్టైనీ, విలియం మిచెల్ అనే పరిశోధకులు ఆ బంగళాల పటాలను పరిశీలించి, వాటి వెనక ఉన్న నియమాలను ఒక వ్యాకరణంలా రాశారు. ఆ నియమాలను వరసగా ప్రయోగిస్తే పల్లాడియో కట్టిన బంగళాల పటాలు వస్తాయి. ఆయన ఎన్నడూ కట్టని బంగళాల పటాలూ వస్తాయి, అచ్చం ఆయన ధోరణిలోనే. ఆలోచించండి. 1580లో చనిపోయిన పల్లాడియో ఆ కొత్త పటానికి కర్తా? నియమాలు రాసినవారా? ఆ రోజు వాటిని వరసగా ప్రయోగించినవారా?

శిల్పి పోయాక సాగిన గుడి

ఇది ఊహాప్రశ్న కాదు. బార్సెలోనాలోని సగ్రాదా ఫమీలియా చర్చి నిర్మాణం 1882లో మొదలైంది. మరుసటి ఏడాది ఆంతోని గౌడీ బాధ్యత తీసుకున్నాడు. 1926లో ట్రాము ఢీకొని ఆయన మరణించేనాటికి కట్టడం ఇంకా తొలి దశలోనే ఉంది. 1936లో అంతర్యుద్ధం వచ్చి ఆయన పనిశాల తగలబడింది. ప్లాస్టరు నమూనాలు ముక్కలయ్యాయి.

అయినా పని ఎలా సాగింది? గౌడీ గుడ్డిగా వంపులు తిప్పలేదు. ఒక గుప్పెడు చీపురుపుల్లలు తీసుకుని రెండు చివరలా పట్టుకుని మెలి తిప్పండి. ప్రతి పుల్లా తిన్నగానే ఉంటుంది, కాని కట్ట నడుము సన్నబడి వంపు తిరుగుతుంది. బెత్తంతో అల్లిన మోడాలో చూసే ఆకారమే ఇది. గణితంలో దీన్ని హైపర్‌బొలాయిడ్ అంటారు. చివరి సంవత్సరాల్లో గౌడీ ఇలా సరళరేఖలతో అల్లే తలాలనే ఎంచుకున్నాడు. మెలిక ఎంత, నడుము ఎంత అనే కొద్ది అంకెలు తెలిస్తే తలమంతా తెలిసిపోతుంది.

మార్క్ బరీ అనే ఆర్కిటెక్టు 1979లో ఈ పనిలో చేరాడు. పగిలిన నమూనాల ముక్కలను కొలిచి వాటి వెనక ఉన్న అంకెలను వెతకడం అతని బృందం పని. మొదట చేత్తో గీశారు. తరవాత విమానాల తయారీలో వాడే ప్రోగ్రాములు తెచ్చుకున్నారు. అంకెలు దొరికాక రాళ్ళు కోసే యంత్రాలకు పని అప్పగించడం సాధ్యమైంది. 2010లో చర్చి ప్రార్థనలకు సిద్ధమైంది. దాన్ని గౌడీ చర్చి అనాలా? ముక్కల్లోంచి నియమాలను తిరిగి రాబట్టినవారి చర్చి అనాలా? రెండు మాటలూ నిజమే అనిపిస్తే మీరు సరైన దారిలోనే ఆలోచిస్తున్నారు.

కాపీ కొట్టిన భవనం, పంచిపెట్టిన ఇల్లు

భవనం అంకెల ఫైలుగా మారితే, ఫైలుకు ఉన్న గుణాలన్నీ దానికీ వస్తాయి. మొదటి గుణం, ఫైలును క్షణంలో కాపీ చేయవచ్చు. బీజింగ్‌లో జహా హదీద్ రూపొందించిన 'వాంగ్‌జింగ్ సోహో' భవనాలు ఇంకా కడుతుండగానే, చోంగ్‌చింగ్ నగరంలో అచ్చం వాటిలాంటివే లేస్తున్నాయని 2012-13లో వార్తలు వచ్చాయి. ఫైళ్ళు గాని, వాటి భాగాలు గాని బయటికి పొక్కి ఉండవచ్చని బీజింగ్ భవనాల బృందంలో ఒకరు అనుమానించారు. కాపీ కొట్టలేదని చోంగ్‌చింగ్ వారు అన్నారు. అసలు ముందు పూర్తవుతుందా, నకలు ముందు పూర్తవుతుందా అని లోకం చూసింది. అసలుది 2014లో పూర్తయింది.

రెండో గుణం, ఫైలును ఇష్టపడి పంచిపెట్టవచ్చు. చిలీ దేశపు ఆర్కిటెక్టు అలెహాంద్రో అరవేనా పేదలకు 'సగం ఇల్లు' కట్టించే పద్ధతితో పేరు తెచ్చుకున్నాడు. ఉన్న డబ్బుతో గట్టి సగం కడతారు. మిగతా సగం చోటును కుటుంబం వీలున్నప్పుడు నింపుకుంటుంది. 2016లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న అరవేనా, అదే ఏడాది తన నాలుగు ఇళ్ళ పథకాల పటాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశాడు. ఇక్కడ కర్త ఎవరు? సగం గీసిన ఆర్కిటెక్టు ఒకరు. మిగతా సగాన్ని తన చేతులతో నింపుకున్న కుటుంబం రెండోవారు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం భవనాన్ని కూడా కళాసృష్టిగానే గుర్తిస్తుంది. అయితే రక్షణ దాని కళారూపానికే, కట్టే పద్ధతులకు కాదు. కాపీ భవనం కట్టడం ఒకసారి మొదలయ్యాక దాన్ని ఆపమని గాని, కూల్చమని గాని అసలు హక్కుదారు కోరలేడు. నష్టపరిహారం అడగవచ్చు.

కర్త హక్కు ఎంతవరకో ఒక కేసు తేల్చింది. ఢిల్లీ ప్రగతి మైదానంలో 1972లో 'హాల్ ఆఫ్ నేషన్స్' వెలిసింది. ఆర్కిటెక్టు రాజ్ రేవల్, ఇంజనీరు మహేంద్ర రాజ్. మధ్యలో స్తంభం లేకుండా 70 మీటర్లకు పైగా విస్తరించిన ఆ త్రికోణాల అల్లికను ఉక్కుతో కట్టే స్తోమత లేక, కార్మికులు కాంక్రీటు పోసి నిలబెట్టారు. 2017 ఏప్రిల్‌లో దాన్ని కూల్చేశారు. రేవల్ కోర్టుకు వెళ్ళారు. కర్తకు తన పేరును, గౌరవాన్ని కాపాడుకునే హక్కు ఉన్నప్పటికీ, స్థలం యజమాని భవనాన్ని పూర్తిగా కూల్చడాన్ని ఆ హక్కు ఆపలేదని ఢిల్లీ హైకోర్టు 2019లో చెప్పింది.

మరి కంప్యూటరు పుట్టించిన రూపానికి కర్త ఎవరు? 1994లో మన చట్టానికి చేసిన సవరణ దీనికి జవాబు రాసిపెట్టింది. కంప్యూటరు పుట్టించిన కళాసృష్టికి, అది పుట్టేలా చేసిన వ్యక్తే కర్త. బాగానే ఉంది. కాని 'పుట్టేలా చేసింది' ఎవరు? నియమం రాసినవారా, అంకె మార్చినవారా, ప్రోగ్రాము అమ్మినవారా? ఆ ముడి అలాగే ఉంది.

మాట చెబితే బొమ్మ

2022 నుంచి ఈ ముడి మరింత బిగిసింది. మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటి కృత్రిమ మేధ ప్రోగ్రాములు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 'కొండవాలు మీద ఎర్రరాతి గ్రంథాలయం, సాయంత్రపు వెలుగు' అని రాస్తే నిమిషంలో నాలుగు బొమ్మలు వస్తాయి. ఇవి అసంఖ్యాకమైన ఫోటోలను, వాటి కింది వివరణలను చూసి నేర్చుకున్నవి. ఏ మాటకు ఎలాంటి రంగులు, ఆకారాలు తోడుంటాయో వాటికి తెలుసు. చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, చెప్పిన మాటలకు సరిపోయేలా దాన్ని కొంచెం కొంచెంగా శుభ్రం చేస్తూ బొమ్మ తేలుస్తాయి. అవి నేర్చుకున్న ఫోటోల్లోని భవనాలను రూపొందించినవారి పేర్లు ఆ బొమ్మ కింద ఎక్కడా ఉండవు. 2025 మార్చిలో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు, కాపీరైటు పొందాలంటే కర్త మనిషే అయి ఉండాలని తీర్పు చెప్పింది.

కాని జాగ్రత్తగా చూడండి. ఆ బొమ్మలో స్తంభం ఉన్నట్టు కనిపిస్తుందే గాని స్తంభం లేదు. ఉన్నవి రంగు చుక్కలు. ఆ స్తంభం ఎంత బరువు మోస్తుంది, డాబా మీది వాన నీరు ఎటు పోతుంది, మెట్లకు చోటు సరిపోతుందా అని అడిగితే బొమ్మ దగ్గర జవాబు లేదు. మెట్ల నియమం తెలిసిన నమూనాకూ, మెట్లలా కనిపించే బొమ్మకూ ఉన్న తేడా ఇదే.

మంచు పడిన రాత్రి

చివరగా ఒక పాత సంఘటన. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో 1970లలో ఒక పెద్ద క్రీడామందిరం కట్టారు. ఉక్కు కడ్డీల అల్లికతో చేసిన దాని కప్పును కంప్యూటరు లెక్కలతో రూపొందించారు. కట్టేటప్పుడే కప్పు, లెక్క చెప్పినదానికంటె రెట్టింపు కిందికి వంగింది. ఈ సంగతి చెబితే, లెక్కకూ వాస్తవానికీ ఆ మాత్రం తేడా మామూలే అన్నారు. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు కప్పంతా కూలిపోయింది. కొన్ని గంటల ముందే అక్కడ సుమారు 5 వేల మంది బాస్కెట్‌బాల్ ఆట చూసి ఇళ్ళకు వెళ్ళారు. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు.

తప్పు ఎక్కడ జరిగింది? చీపురుపుల్లను నిలువుగా పెట్టి పైనుంచి నొక్కండి. నలగదు, పక్కకు వంగిపోతుంది. దాని నడుమును కదలకుండా పట్టుకుని నొక్కితే నాలుగు రెట్ల బలం కావాలి. పై వరస కడ్డీల నడుములకు గట్టి ఆధారం ఉందని కంప్యూటరుకు చెప్పారు. నిజంగా కట్టినదాంట్లో ఆ ఆధారం సరిపోలేదు. కంప్యూటరు తనకు చెప్పినదాన్ని తప్పులేకుండా లెక్కకట్టింది. దానికి చెప్పినదే తప్పు.

కర్త అంటే ఎవరు అన్న ప్రశ్నకు ఈ సంఘటనలో ఒక జవాబు ఉంది. రూపం ఎవరి ఊహలో మొదట పుట్టింది అన్నది సగం ప్రశ్నే. అది నిలబడకపోతే ఎవరు జవాబు చెప్పుకోవాలి అన్నది మిగతా సగం. మొదటి సగాన్ని కంప్యూటరుతో, ప్రోగ్రాము రాసినవారితో, ఎప్పుడో చనిపోయిన పల్లాడియోతో, గౌడీతో పంచుకోవచ్చు. రెండో సగాన్ని యంత్రంతో పంచుకోలేం. పటం మీద సంతకం పెట్టే చెయ్యి మనిషిదే.

మీలో కొందరు రేపు ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు కావచ్చు. మీ ముందు కాగితం బదులు తెర ఉంటుంది. అది నిమిషానికి వంద రూపాలు చూపిస్తుంది. వాటిలో ఒకదాన్ని ఎంచుకునే ముందు దాని వెనక ఉన్న నియమం ఏమిటో అడగండి. అది మీకు చెప్పగలిగేంత అర్థమయిందా అని మిమ్మల్ని మీరే అడగండి. ఈలోగా మీ వీధిలో ఎవరైనా ముగ్గు పోస్తుంటే ఆగి చూడండి. ఆ గీత అక్కడే ఎందుకు పోశావని మేస్త్రిని అడిగితే ఆయన చెబుతాడు. ఆ గోడ కుంగితే రేపు తన ఇంటికే వచ్చి అడుగుతారని ఆయనకు తెలుసు.